పెద్దల రోజు పిలుపు

మా అమ్మ తెక్ల్యా బెలారుస్ పల్లెలో పుట్టి, రష్యన్ మాట్లాడే మిన్స్క్ నగరానికి వచ్చి, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్లు గిన్నెలు తోమింది. వచ్చిన కొత్తలో ఆమె బెలారుసియన్ విని తోటివాళ్లు "పల్లెటూరి మొద్దు" అని నవ్వారు. అప్పటినుంచి ఇంట్లో కూడా వచ్చీరాని రష్యనే మాట్లాడింది. చిన్నప్పుడు నేను అమ్మమ్మ భాషలో ఏడిస్తే మూతి మీద ఒకటిచ్చింది.

"ఏడిస్తే రష్యన్‌లో ఏడు! నాలాగా గిన్నెలు తోముకుంటావా?"

ఏటా నవంబరులో పెద్దల రోజున మాత్రం తలుపు బార్లా తీసి, తేనె కలిపిన బార్లీ అన్నం బల్ల మీద పెట్టి, పోయినవాళ్లందరినీ బెలారుసియన్‌లో భోజనానికి పిలిచేది.

"ఇవాళ మాత్రం ఆ భాషెందుకమ్మా?"

"చచ్చినోళ్లకి రష్యన్ ఎక్కడొచ్చే, పిచ్చిమొహమా!"

నిరుడు అమ్మ పోయింది. మొన్న పెద్దల రోజున తలుపు తీసి, ఆమె చెంచా బల్ల మీద పెట్టాను. పిలుపు నోటికి రాలేదు. ఏటేటా విన్నదే, కానీ ఒక్కసారైనా నన్ను పలకనిచ్చిందా! ఒళ్లు మండి రష్యన్‌లోనే పిలిచాను.

అమ్మ వచ్చే ఉంటుంది, రష్యన్ నేర్చుకున్న మనిషి. ఆమె వెనక తాతలూ ముత్తాతలూ మాత్రం మెట్ల మీదే నిలబడిపోయి ఉంటారు, పిలిచింది తమనేనని తెలియక.