బర్రెల డాక్టరుగారి ఒక్క డైలాగు

సినిమా వాళ్లంటే కార్లు, మేడలు అనుకుంటారు గానీ, ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో నాలాంటి సహాయ దర్శకుడికి (అదీ నాలుగోవాణ్ణి, క్లాప్ కొట్టడం, తిట్లు తినడం నా శాఖలు) భోజనం యూనిట్‌లో, పడక షేక్‌పేటలోని ఇరుకు గదిలో. ఆ గదిలో నాతోపాటు ఒక వీధికుక్క కూడా ఉండేది. షూటింగ్ ముగిసిందన్న కేక వినగానే మిగిలిన అన్నం కోసం పరిగెత్తుకొచ్చేది కాబట్టి దానికి ‘ప్యాకప్’ అని పేరు పెట్టాను. (సెట్లో పేరు పెట్టి పిలవాలంటే మాత్రం భయం, లైట్లు ఆర్పేస్తారు.) అంత పెద్ద ఊళ్లో నేను గదికొస్తే సంతోషించే ప్రాణి అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే అది మేకప్ గదిలో దూరి, విలన్ గారి పెట్టుడు మీసాన్ని జిగురుతో సహా మింగేసింది. విలన్ గారు ఇంకో మీసం పెట్టుకుని నటించేశారు. ప్యాకప్ మాత్రం మూలన పడి మూలగసాగింది. మాంసం ముక్క పెట్టినా మొహం తిప్పుకుంది. దాన్ని దుప్పట్లో చుట్టుకుని జూబ్లీ హిల్స్‌లోని ఒక పెంపుడు జంతువుల ఆసుపత్రికి పరిగెత్తాను. అక్కడ ఒక్కో కుక్కకీ ఒక కారు, ఒక డ్రైవరు. “బ్రీడ్ ఏంటండీ?” అంది కౌంటర్లో అమ్మాయి. “షేక్‌పేటండీ” అన్నాను. పాపం, రాసుకుంది కూడా. ఫీజు వినగానే దుప్పటి మళ్లీ చుట్టుకుని బయటికొచ్చేశాను.

మా ఇంటి ఓనరమ్మ గేటు దగ్గరే ఆపి సంగతి కనుక్కుంది. “గంత పెద్ద దవాఖానకు ఎందుకు పోయినవ్ బిడ్డా? ఎర్రగడ్డ దిక్కు బర్రెల డాక్టర్ ఉన్నడు. మా బర్రెలన్నిటికి ఆయననే చూస్తడు. నా పేరు చెప్పు, పో!”

బర్రెల డాక్టరుగారు భారీ మనిషి. ప్యాకప్ పొట్ట నొక్కుతూ, “ఏం మింగింది?” అన్నారు.

“మీసమండీ.”

“ఎవరిది?”

“విలన్‌దండీ.”

ఆయన చేతులు ఆగిపోయాయి. “నువ్వు సినిమాలల్ల పని చేస్తవా?”

ఏదో మందు పట్టించారు. కాసేపటికి మీసం బయటపడింది, ప్యాకప్ తోక ఆడింది. నేను మొహమాటంగా ఫీజు మాటెత్తాను. “పైసల ఫికర్ చెయ్యకు. జర నాకు ఒక్క డైలాగ్ ఇప్పియ్యి. చిన్నప్పటి సంది షౌక్” అన్నారాయన. నాలుగో సహాయకుడు వేషాలిప్పించడమేమిటి? అయినా, ఆడుతున్న ఆ తోకను చూసి తలూపాను.

అదృష్టవశాత్తూ మా కథలో ఒక ఆసుపత్రి సీను ఉంది. నేను బతిమాలగా బతిమాలగా, “తెల్లకోటు సొంతమేనా?” అని మాత్రం అడిగి దర్శకుడుగారు ఒప్పుకున్నారు. మంచం మీద హీరో తల్లి. డాక్టరుగారు చెప్పాల్సిందల్లా “ఇరవై నాలుగ్గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం” అని. స్కూటర్ మీద దారంతా తప్పు లేకుండా చెప్పారు. కెమెరా తిరగ్గానే మాట పడిపోయింది. అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తల్లిగారి కనురెప్ప లాగి, దవడ పట్టి నోరు తెరిచి, పళ్లు చూసి, చివరికి గట్టిగా అడిగారు: “మేత మేస్తుందా?”

“మేస్తున్నానయ్యా, ముందు నా దవడ వదులు!” అంటూ తల్లిగారు లేచి కూర్చున్నారు.

సెట్టంతా ఒకటే నవ్వు. ఆయన మొహం చిన్నపిల్లాడిలా వాడిపోయింది. నాకు నవ్వు రాలేదు. దర్శకుడుగారి కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి, నాడి చూస్తున్న ఆయన చెయ్యి ఒక్కటే కనబడేలా షాట్ తీశారు.

సినిమా విడుదలయ్యాక డాక్టరుగారు బర్రెల ఆసాములందరినీ వెంటబెట్టుకుని మార్నింగ్ షోకి వచ్చారు. డైలాగు లేదని ఏమనుకుంటారోనని పక్క సీట్లో నేను తెర వదిలేసి ఆయన మొహమే చూస్తున్నాను. తెర మీద చెయ్యి కనబడగానే ఆయన లేచి నిలబడి, “గా చెయ్యి నాదే!” అని అరిచారు. ఆసాములంతా ఈలలు. వాళ్లతోపాటు నేనూ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను.

ఆ తర్వాత నా పేరు కూడా పెద్ద పెద్ద అక్షరాలతో తెర మీద చాలాసార్లు పడింది. ఇప్పుడు హాల్లో ఎవరైనా ఈల వేస్తే, “ఎవడ్రా అది?” అని విసుగ్గా వెనక్కి తిరిగి చూస్తున్నాను.