పిల్లికి అడ్డంగా నడిచిన ఎలుక

తొంభైల చివర పటాన్‌చెరులో, హైవే పక్కన టైర్ల దుకాణం మీద ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. మా బ్యాచికి సారు ఒక పోటీ పెట్టాడు. తెర నిండా గళ్ళు, ఒక మూల పిల్లి, ఇంకో మూల ఎలుక. పిల్లి నడక సారు రాసిందే: ఎలుక ఎటుంటే అటు ఒక్కో గడి జరుగుతుంది. ఎలుక ఎటు పోవాలో మేము బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాయాలి. ఎవరి ఎలుక ఎక్కువసేపు బతికితే వాళ్ళకు ఆ సెంటర్లోనే పాఠాలు చెప్పే ఉద్యోగం.

ఆ ఉద్యోగం నాదే అనుకున్నాను. బ్యాచిలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే మరి! నాకు అడ్డం ఉన్నది బ్యాచిలో ఇంకొకామె ఒక్కతే. మా ఊరిదే. వాళ్ళమ్మ మా పొలంలో నాట్లకు వచ్చేది. ఈమె ఇంటర్ అయ్యాక బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో చేరింది. షిఫ్టు దిగి నేరుగా క్లాసుకు వచ్చేది. వయసులో పెద్దదే కానీ, మా ఇంట్లో తల వంచుకుని నిలబడే మనిషి బిడ్డ నన్ను "చెల్లె" అంటుంటే ఒళ్ళు మండేది. సారు ఆమె తెర చూసి "భలే రాసినవమ్మా" అన్న రోజు నాకు అన్నం సహించలేదు.

నా ఎలుక పిల్లికి దూరంగా పరుగెత్తి, మూలకు చేరి, ఇరుక్కుని చచ్చేది. ఆమె ఎలుక చావనే చావదు. సిగ్గు చంపుకుని అడిగాను.

"ఏం లేదు చెల్లె. ప్లాంటుల గ్యాస్ లీకైతే గాలి ఎటు కొడుతుందో సూసి, దానికి అడ్డం ఉరుకుమంటరు. గాలి పోయే దిక్కుకే ఉరికితే గ్యాస్ ఎంబడే వచ్చి పడుతది. ఎలుకకు గూడ గదే జెప్పిన, పిల్లికి అడ్డం పొమ్మని."

ఇంతేనా! ఇంత చదువు చదివిన నాకెందుకు తట్టలేదు? నేనూ అదే రాద్దామంటే ఆమెది సారు ముందే చూశాడు, కాపీ అని తెలిసిపోతుంది. కుళ్ళుతో కుతకుతలాడిపోయాను.

శనివారం సాయంత్రంలోగా ప్రోగ్రాములున్న ఫ్లాపీలు ఇవ్వాలి. ఆ రోజు ఆమెకు డబల్ డ్యూటీ పడింది. పొద్దున ఆటో దగ్గర తన ఫ్లాపీ నా చేతిలో పెట్టింది.

"జెర సారుకియ్యవా చెల్లె."

ఇచ్చాను. ఇచ్చే ముందు సెంటర్లో దాన్ని తెరిచాను. గోడ తగిలినప్పుడు ఎలుకను పక్కకు తిప్పే వరసలో ఒక్క ప్లస్‌ను మైనస్ చేశాను.

ఆదివారం అందరి ముందూ ఆమె ఎలుక దర్జాగా అడ్డంగా నడిచి, గోడ తాకి, తిరిగొచ్చి పిల్లి నోట్లో పడింది. అందరూ పగలబడి నవ్వారు. మూలలో ఇరుక్కుని చచ్చినా, మిగిలినవాటికన్నా ఎక్కువసేపు బతికింది నా ఎలుకే. సారు ఆమె ప్రోగ్రాం తెరిస్తే, ఆమె తెర దగ్గరికి వెళ్ళి ఆ వరస మీద వేలు పెట్టింది.

"అయ్యో, గీడ మైనస్ పెట్టిన్నా? నిద్ర ఆగక రాసిన సార్, తప్పు నాదే," అంది. నావైపు తిరిగి, "నువ్వన్న గెలిచినవ్ చెల్లె, మంచిగైంది," అంది.

ఉద్యోగం నాకే వచ్చింది. ఆమె క్లాసు మానేసింది. వారం తర్వాత ఆటో దగ్గర కనబడితే ఎందుకు రావట్లేదని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"మైనస్ గూడ సూస్కోనిదాన్ని, నాకెందుకు చెల్లె కంప్యూటర్లు? ల్యాబుల రీడింగులు రాసే పని గూడ వద్దన్న. నా తోని గసుంటి తప్పే ఆడ అయితే మనుషులు సస్తరు. నన్ను ప్యాకింగ్‌ల ఏయమన్న."

నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆటో వచ్చింది, ఎక్కేశాను.

ఆ సోమవారం కొత్త బ్యాచికి ఎలుక ఆటే చెప్పాను. పిల్లికి దూరంగా కాదు, అడ్డంగా పోవాలని బోర్డు మీద గీసి చూపించాను. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "ఇది ఎవరు కనిపెట్టిండ్రు మేడమ్?" అని అడిగింది.

"నేనే," అన్నాను.