మూతలక్క కడుపుమంట

నేల తుడిచే మందు తయారుచేసే ఆ షెడ్డులో ఆమెను అందరూ మూతలక్క అనేవారు. డ్రమ్ము మీది రాత చూడకుండానే, మూత రంగును బట్టి లోపలున్నదేమిటో చెప్పేది. నీలం మూత సబ్బునీళ్లు, ఎర్ర మూత యాసిడ్, తెల్ల మూత బ్లీచు. షెడ్డంతా ఆ లెక్కనే నడిచేది. "చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. రంగు చూడండి, చాలు" అని కొత్తవాళ్లకు ఆమే నేర్పేది. పొద్దుటి వెలుగు నురగలో పడి బుడగ బుడగకో ఇంద్రధనుస్సై పగిలే చోట, రంగును నమ్మడం తేలిక.

తర్వాత ఆమె తోడికోడలు, అంటే మరిది భార్య, అక్కడే చేరింది. గలగలా మాట్లాడే మనిషి. ఏడాది తిరగకుండానే సూపర్‌వైజరు ఆమెను పిలిచి ఆఫీసు బీరువా తాళంచెవి చేతిలో పెట్టాడు. ఏ రసాయనం ఒంటికి ఏం చేస్తుందో, మీద పడితే ఏం చేయాలో రాసిన కాగితాలు ఆ బీరువాలో ఉంటాయి. పని మొదలయ్యే ముందు వాటిని అందరికీ చదివి వినిపించడం ఇక చిన్నకోడలి వంతు.

ఇంట్లో అత్తగారి మురిపెం అంతా ఇంతా కాదు. "మా చిన్నదాని గొంతు గంటమ్మా! షెడ్డంతా నోరు మూసుకుని వింటుందట."

"వినక ఎక్కడికి పోతారత్తయ్యా, అప్పటికింకా మిషన్లు వెయ్యరుగా" అంది మూతలక్క, గరిటెను గిన్నెకేసి కొడుతూ.

చిన్నకోడలిని ఎవరు మెచ్చుకున్నా ఆమె కడుపులో ఒక దీపం వెలిగేది. వెలుగివ్వని దీపం, ఉత్త సెగ. ఆ సెగ పట్టలేక ఒకరోజు సూపర్‌వైజరు దగ్గరికే వెళ్లింది.

"సార్, ఆ కాగితాలు నాకూ ఇవ్వండి, చదువుకుంటా. నాకూ అక్షరాలొచ్చు."

"నీకెందుకమ్మా శ్రమ? మీ తోడికోడలు ఉందిగా, అడుగు."

అడగడం! ఆ మాట చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది. మర్నాటి నుంచి చిన్నకోడలు చదివే వేళకు మూతలక్క కుళాయి దగ్గర చేరి, నీళ్లు ధారగా వదిలి, శుభ్రంగానే ఉన్న చేతి తొడుగులను మళ్లీ మళ్లీ కడిగేది.

ఆ పొద్దున కూడా అంతే. సరుకు పంపేవాళ్లు మారారని, ఇకమీదట యాసిడ్ నీలం మూతల్లో వస్తుందని, రాత చదవకుండా డ్రమ్ము వంచొద్దని చిన్నకోడలు అందరికీ చెప్పింది. చెప్పి కుళాయి దాకా వచ్చింది.

"అక్కా, నేను చెప్పింది విన్నావా?"

"నాకేం చెవుడు లేదులేవే."

వినలేదు. తిన్నగా వెళ్లి, సబ్బునీళ్లే అనుకుని నీలం మూత తీసి, బ్లీచు తొట్టెలోకి డ్రమ్ము వంచింది. పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ మెల్లగా, వయ్యారంగా లేచింది. మరుక్షణం ఊపిరి లేదు. కళ్లలో కారం కొట్టినట్టయింది. ఎవరో రెక్క పట్టి బయటి గాలిలోకి లాక్కుపోయారు, కళ్లలో నీళ్లు పోస్తూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు: "ఏం పీల్చింది?"

షెడ్డు నుంచి వచ్చినవాళ్లలో చిన్నకోడలు ఒక్కతే చెప్పింది, దేనిలో ఏది కలిసిందో, ఏ వాయువు పుట్టిందో, ఎంతసేపు కళ్లు కడిగారో. ముక్కుకు గొట్టంతో, మూసిన రెప్పల వెనక నుంచి మూతలక్క అంతా విన్నది. తన ప్రాణం ఆ గొంతు మీద ఆధారపడి ఉందని తెలుస్తూనే ఉంది. అయినా మనసులో అనుకున్నది ఒకటే: ఎంత తడబడకుండా చెప్పింది, ముదనష్టపుది!

కోలుకుని పనిలోకి వచ్చిన రోజు సూపర్‌వైజరు అందరి ముందూ అడిగాడు, మళ్లీ ఇలా జరక్కుండా ఏం చేద్దామని. మూతలక్క దగ్గుతూనే లేచింది.

"ఆ కాగితాలు బీరువాలో దాచకండి సార్. పెద్ద అక్షరాల్లో, మాకర్థమయ్యే మాటల్లో రాసి డ్రమ్ముల పక్క గోడకే తగిలించండి. ఎవరూ ఎవర్నీ దేబిరించే పనుండదు."

చప్పట్లు మోగాయి. అందరి మేలూ కోరే మనిషన్నారు. సూపర్‌వైజరు సరేనన్నాడు.

ఇంటిదారిలో చిన్నకోడలు నవ్వాపుకుంటూ అంది: "నన్నడగాల్సి వస్తుందనేగా అక్కా?"

"మరి? నిన్నడిగితే ఇంకేమన్నా ఉందా! నేల మీద నడుస్తావా నువ్వు?"

"అన్నట్టు, అవి గోడకి తగిలించే పని కూడా నాకే చెప్పారు."

మూతలక్క టక్కున ఆగిపోయింది.

"మేకులు నేను కొడతా" అంది. "నువ్వు కింద నిలబడి వంకరగా ఉందేమో చూడు."