రోజుకో ముఖం

నాకు బొమ్మలు గీయడం రాదు. స్కూల్లో సైన్సు రికార్డులో కప్ప బొమ్మ కూడా మా అక్క చేత వేయించుకున్న ఘనురాలిని. అలాంటి నేను రోజూ పొద్దున్నే అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళోని మా ఇంట్లో, డైనింగ్ టేబుల్ దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చుంటున్నానంటే దానికి కారణం ఒక్కటే. మా పాప ముఖం మరిచిపోతానేమోనని భయం.

మా పాప ఊపిరి లేకుండా పుట్టింది. నెలలు నిండాక, ఉయ్యాల కొని బిగించుకున్నాక. నర్సు పాపను తుడిచి, దుప్పట్లో చుట్టి నా చేతుల్లో పెట్టింది. కళ్ళు మూసుకుని ఉంది. ఫొటోలు తీయమంటారా అని నర్సు మెల్లగా అడిగింది. మా ఆయన నా వైపైనా చూడకుండా "నో, థాంక్యూ" అన్నారు. ఎత్తుకోమని నర్సు పాపను ఇవ్వబోతే తల తిప్పుకుని కిటికీ దగ్గరకు వెళ్ళిపోయారు. ఫొటో వద్దని అంతకుముందే ఆయనకు ఫోన్లో చెప్పింది మా తెలుగు చర్చి పాస్టరమ్మగారు. వాటిని చూసుకుంటూ కూర్చుంటే అమ్మాయి కోలుకోదు, చిన్న వయసే కదా, మళ్ళీ పుడతారు అన్నారట. మా వైపు పెద్దవాళ్ళు పోతే శవపెట్టె చుట్టూ బంధువులంతా వరసగా నిలబడి ఫొటో దిగుతారు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటారు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఒక్క ఫొటో బరువైపోయింది. నువ్వైనా నోరు తెరవాల్సింది అంటారేమో. మందుల మత్తులో ఉన్న మనిషికి నోరెక్కడిది?

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని లైబ్రరీలో డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళాను. నేర్పేది తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ. బాగా రావాలని గీయకు, రోజూ ఒకే వేళకి కూర్చో, కంటికి ఏది కనబడితే అది గియ్యి అంది. సరేనని మొదలుపెట్టాను. కుక్కర్ మూత, అల్లం ముక్క, మా ఆయన విప్పి పడేసిన సాక్సు. టీ పెట్టుకోకముందే పెన్సిల్ పట్టుకునేదాన్ని. ముందు ఫోన్ ముట్టుకున్నానా, ఇక ఆ రోజుకి అంతే సంగతులు. మొదట్లో నా అల్లం ముక్కను చూసి నాకే నవ్వొచ్చేది. వారాలు గడిచేకొద్దీ చెయ్యి చెప్పిన మాట వినసాగింది. కుక్కర్ మూత బొమ్మ వాట్సాప్ స్టేటస్‌లో పెడితే చర్చిలో ఒక చెల్లెమ్మ, నీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడ్నుంచి వస్తుందక్కా అని అడిగింది. ఏదో నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నాను గానీ ఒళ్ళు మండిపోయింది. కుక్కర్ మూత మీద మోజుతో గీస్తున్నానా నేను?

చెయ్యి కుదిరాక పాపను గీద్దామని నా ఆశ. తీరా కుదిరేసరికి పాప జారిపోసాగింది. నుదురు గీస్తే నుదురు వచ్చేది, ముక్కు దగ్గరికొచ్చేసరికి మా అమ్మ వచ్చి కూర్చునేది. పెదవులు భలే కుదిరాయని మురిసిపోతే, అవి డైపర్ల డబ్బా మీది పిల్లవి. రోజుకో ముఖం వచ్చేది, ఒక్కటీ నా బిడ్డది కాదు. నిద్రపోయే పిల్లల్ని చూస్తే గుర్తొస్తుందేమోనని ఆదివారం ఆరాధనలో పసిపిల్లల తల్లుల వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఒకావిడ భుజం మీద పాప నిద్రపోతోంది. నేను వాక్యం వినడం మానేసి ఆ పాపనే చూస్తున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి, మెల్లగా శాలువా లాగి పాప ముఖం మీద కప్పేసింది. దిష్టీ గిష్టీ మనకు లేవని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పే మనిషే. నా కళ్ళు అంత పాపిష్టివా? బయటికొచ్చి కార్లో తలుపు వేసుకుని నోటికొచ్చినట్టు తిట్టాను, ఆవిడనీ, పాస్టరమ్మగారినీ, మా ఆయన్నీ. దేవుణ్ణీ వదల్లేదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. టేబుల్ మీద నా కాగితాలు ఉంటే మా ఆయన చూపు తప్పించుకుని, టీ కప్పు పట్టుకుని ఆఫీసు పనికి పైకి పోయేవారు. కన్నబిడ్డ ముఖం చూడని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకునేదాన్ని. ఒకట్రెండుసార్లు ఆయన ముందే అనేశాను. అలాగే మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మొన్న శనివారం పొద్దున మళ్ళీ పాపనే గీస్తున్నాను. ఆయన కప్పుతో నా వెనక ఆగారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

"గడ్డం అలా ఉండదు," అన్నారు. "మధ్యలో చిన్న సొట్ట ఉంటుంది, కొంచెం ఎడమకి. నీకు ఇచ్చినప్పుడు బ్లాంకెట్ అక్కడిదాకా చుట్టేశారు, కనబడి ఉండదు."

మీరు చూడలేదు కదా అన్నాను. అప్పుడు చెప్పారు. నేను నిద్రలోకి జారుకున్నాక ఆయనే నర్సును బతిమాలి పాపను తెప్పించుకున్నారట. పక్క గదిలో ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఇక చాలని నర్సులే వచ్చి పాపను అడిగేదాకా కూర్చున్నారట. ఫోన్ జేబులోనే ఉంది, ఫొటో తీయడానికి చెయ్యి రాలేదట. ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఫొటో వద్దన్నది నేను. చూశానని నీకెలా చెప్పను?"

నేను ఊళ్ళోవాళ్ళ పిల్లల్లో వెతుక్కుంటున్న ముఖం మా ఇంట్లోనే, ఆయన దగ్గర ఉంది. కోపం తన్నుకొచ్చింది. కానీ కోపం కన్నా ముందు నాకు పాప కావాలి. కుర్చీ లాగి కూర్చోమన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెబుతుంటే నేను చెరిపి గీశాను. కనుబొమలు ఇంకా పలచన. ముక్కు కాస్త చప్పిడి. చెవి తమ్మె అతుక్కున్నట్టు ఉండాలి. ఒకచోట ఆయన కళ్ళు తెరిచి కాగితం మీదికి వంగారు. నేనూ చూశాను. పాపే, మా పాపే. టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాను. కాగితం తడవకుండా ఆయన పక్కకు జరిపారు.

నా ఏడుపు ఆగాక, పాప కళ్ళు తెరిచినట్టు ఇంకొకటి గీస్తావా అన్నారు.

కొత్త కాగితం తీసుకున్నాను. నుదురు, ముక్కు, గడ్డం అన్నీ ఈసారి తడుముకోకుండా వచ్చాయి. కళ్ళ దగ్గర ఆగి, ఎలా ఉంటాయండీ అని అడిగాను. తెలియదన్నారు.