లోపల గడియ పెట్టుకున్న మా మేనత్త

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున, ఆదోని ఆసుపత్రిలో. నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఉండగా నాన్న ఫోన్ చేసి, "మీ అత్త..." అని ఆగిపోయాడు. కిడ్నీలు పాడయ్యాయన్నారు డాక్టర్లు. ఎందుకు పాడయ్యాయో వాళ్లు చెప్పలేదు. నేను చెబుతాను. డాక్టరు చదువు నాకు లేదు, అయినా చెబుతాను.

నాన్నకు అక్క ఆమె. దానిమ్మ తోటల్లో కాయ కోసే ఆడకూలీల గుంపుకు పెద్ద. తెల్లవారకముందే మా వీధి మొదట్లో నిలబడి, "మేయ్, ఆటో వచ్చింది, జడలు ఆటోలో ఏసుకుందురు రాండే!" అని కేకేసేది. కత్తెర నడుముకు చీర పేలికతో కట్టుకునేది. కోపం వస్తే నోరు తెరిచేది కాదు, కత్తెర తెరిచి మూసేది. ఆ చప్పుడు వినిపించిందంటే తోట యజమాని కూడా పక్క సాలుకు తప్పుకునేవాడు.

పనిలో ఆమె నీళ్లు తాగడం నేను చూడలేదు. డబ్బాలు మోసే పనికి నేనూ వాళ్లతో పోయేవాణ్ణి. ఎండకు నాలుక పిడచగట్టి నేను బిందె ఎత్తి తాగుతుంటే, "తాగు అల్లుడా, నీకేమి. ఆడదానికి దప్పిక పొద్దు మునిగినంక కావాల" అనేది. మా పక్క నేలలు మీకు తెలుసు. కనుచూపు మేర చాటన్నది ఉండదు. దానిమ్మ చెట్టు నడుమెత్తు. సాళ్లలో మందు కొట్టే మగవాళ్లు, అవతల రోడ్డు. పొద్దున ఆటో ఎక్కింది మొదలు మళ్లీ ఇంటికి చేరేదాకా గుంపు మొత్తం బిగబట్టుకునే ఉండేది. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు. ఇప్పుడు చెప్పండి, కిడ్నీలు ఎందుకు పాడవుతాయి?

పరదేశాలకు కాయ పంపాలంటే తోటకు సర్టిఫికెట్ ఉండాలి. ఏ మందు ఏ రోజు కొట్టారో రాసి పెట్టాలి. మందు సీసాలు తాళం వేసిన గదిలో ఉండాలి. కోసేవాళ్లకు తాగునీళ్లు, సబ్బు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండాలి. కాయ కొనే కంపెనీ పంచిన చిన్న పుస్తకం ఒకటి నాకు దొరికితే ఆటోలో అందరికీ చదివి వినిపించాను. చదివి ఊరుకునే రకం కాదు నేను. "ఇది మన మీద ప్రేమ కాదత్తా. ఆ దేశాల్లో తినేటోళ్లకు మన చేతులంటే భయం, అంతే" అని ఉపన్యాసం మొదలుపెట్టాను.

"ఎవురి భయానికి కడితే ఏంలే" అంది అత్త. "కట్టినంక తలుపు నాదే గదా."

ఎమ్మిగనూరు దగ్గరి తోటలో ఆ తలుపు నిజంగానే కనిపించింది. గట్టు మీద ప్లాస్టిక్ రూము, పక్కన నీళ్ల డ్రమ్ము, గోడకు చేతులు కడుక్కోమనే బొమ్మ. లోపలికి పోయివచ్చిన ఒక పిల్ల పకపకా నవ్వింది. "అత్తోయ్, పోయిన వారం కోడుమూరు తోటలో నేను గోడకు అంటించిన బొట్టుబిళ్ల ఈడుంది!"

ఒకటే రూము. సర్టిఫికెట్ తనిఖీ ఎక్కడుంటే అక్కడికి టెంపోలో వస్తుంది, తనిఖీ అయిపోగానే వెళ్లిపోతుంది. కంపెనీవాళ్లు ఒక్కటే మరిచారు. తోటలు వేరైనా కోసే ఆడవాళ్లు వీళ్లే.

తనిఖీ మేడం రాగానే ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నాను. అత్త నా చొక్కా పట్టుకుని ఆపింది. "సర్టిఫికెట్ పోతే ఈ కాయ యాడికీ పోదు, మనం పనికి పోము. కాగితం వాళ్లకు రానీ. రూము మనకు రావాల."

మేడం వచ్చింది, చూసింది, సంతకాలు పెట్టించుకుంది, పోయింది. ఆమె కారు దుమ్ము అణగకముందే టెంపో వెనక్కి తిరిగి గట్టుకు ఆనింది. అత్త తొందర లేకుండా నడిచి రూములోకి పోయి, లోపల గడియ పెట్టుకుంది.

కంపెనీ సూపర్‌వైజరు కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత తలుపు కొట్టాడు. "పెద్దమ్మా, అయిందా? రేపు ఇది ఇంకో తోటకు పోవాల."

"పోనీ సారు. నన్ను పెట్టుకొని పోనీ."

రూము ఎత్తమని డ్రైవర్‌ను కసిరితే అతను చేతులు కట్టుకున్నాడు. "ఆడమనిషిని లోపల పెట్టి ఎత్తితే దావలో నన్ను సంపుతారు సార్."

మిట్టమధ్యాహ్నం. ఆ ప్లాస్టిక్ డబ్బా లోపల ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. గుంపులోని ఆడవాళ్లు డ్రమ్ములోని నీళ్లు చెంబులతో పైకప్పు మీద పోయసాగారు. "నీళ్లు పోయొద్దండి, బొమ్మ ఊడిపోతుంది!" అని సూపర్‌వైజరు మొత్తుకున్నాడు. "బొమ్మను నువ్వు పట్టుకో సారు" అన్నారు.

చివరికి తోటాయన వచ్చాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుతా, బయటికి రా."

"మొక్కద్దన్నా. రూము ఉందని ఇప్పుడే సంతకం పెడ్తివి గదా. ఉండనీ."

ఆయన సూపర్‌వైజరు వైపు తిరిగి, "కోత అయ్యేదాకా ఉండనీ సార్" అన్నాడు.

"కోత అయ్యేదాకా కాదు, తోట ఉన్నన్నాళ్లు!" లోపలినుంచి గొంతు.

టెంపో ఉత్తదే పోయింది. అది మలుపు తిరిగాకే గడియ తీసింది అత్త. చెమటకు నిలువునా తడిసిపోయి ఉంది. గుంపు వైపు చూసి ఆమె అన్న మొదటి మాట: "ఎవురన్నా పోవాలంటే పోండే. ఖాళీ అయింది."

మేడంకు చెప్పి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను. ఈ విషయంలో అత్తతో నా పోట్లాట తెగలేదు, ఇక తెగదు కూడా. కానీ ఆ రూము అక్కడే ఉంది. ఆ రోజునుంచి ఏ తోటలో అయినా ఆటో దిగకముందే రూము ఉందా అని అడగడం గుంపుకు అలవాటైంది. "సిగ్గుగా లేదా, మగోళ్ల ముందర అదే మాట?" అని ఒకాయన ఎగతాళి చేస్తే అత్త కత్తెర టిక్కుమనిపించి, "సిగ్గు అడిగేదానికి ఎందుకు? కట్టనోడికి ఉండాల" అంది. ఆమె ఒంటికి మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

కూలికి పోకుంటే గడవదు కాబట్టి అత్త పోయిన మూడో నాడే గుంపు మళ్లీ ఆటో ఎక్కింది. నేనూ ఎక్కాను. కైరుప్పల ఊరి పక్కన తోట. సర్టిఫికెట్ లేదు, రూమూ లేదు. తోట యజమాని చేతులు తిప్పుతూ వివరించాడు. "ఇది పరదేశం పోయే కాయ గాదమ్మా. మన ఆదోని మార్కెట్టుకే."

అంటే ఆదోనివాళ్లు తినే కాయ కోసే ఆడదానికి ఒళ్లే లేదా? నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు ఆటోలోంచి ఒకామె అంది, "కాయ యాడికి పోతే మాకేమి, అన్నా? మేము యాడికి పోవాల?"

ఆయన ఫోన్ తీసి ఎవరికో చేయసాగాడు. ఎండ ఎక్కుతోంది. చెట్ల నిండా కాయ ఎర్రబారి వేలాడుతోంది. సాళ్ల మొదట్లో డబ్బాలు ఖాళీగా పడి ఉన్నాయి. ఆటోలోంచి ఒక్క కాలు కూడా నేల మీద పడలేదు.