ఇద్దరు బావలు, ఒక రేడియో

ఈమధ్య ఇంగ్లీషులో రెండు మాటలు తరచుగా వింటున్నాను, గీక్ అని, నెర్డ్ అని. ఒకడు ఏదో ఒక వస్తువు మీద మనసు పారేసుకుని రాత్రీ పగలూ దాని వెంటే తిరిగేవాడట. రెండోవాడు చదువులో మునిగిపోయి పక్కనేం జరుగుతోందో పట్టనివాడట. డెబ్బైల్లో మా తిరువూరులో ఇంత వివరంగా చూసే ఓపిక ఎవరికీ లేదు. ఇద్దర్నీ కలిపి "వాడికి కాస్త పిచ్చిలే" అని ఊరుకునేవాళ్ళు. కానీ ఆ తేడా తెలుసుకోవలసిన అవసరం నాకొచ్చింది. ఎందుకంటే ఆ ఇద్దరూ నా మేనబావలే, వాళ్ళలో ఒకణ్ణి నేను పెళ్ళి చేసుకోవాలి.

చిన్నబావ మేనత్త కొడుకు, గంపలగూడెంలో ఉండేవాడు. రేడియోలంటే ప్రాణం. పాడైనవాటిని బాగుచేసేవాడు, బాగున్నవాటిని ఎందుకు బాగున్నాయో చూడ్డానికి విప్పేవాడు. బట్టలారేసే తీగ ఎక్కడ కనబడినా ఏరియల్ కోసం కోసుకుపోయేవాడు. అందువల్ల మేనత్త ఇంట్లో తడిబట్టలన్నీ మంచాల మీదే ఆరేవి.

పెద్దబావ మేనమామ కొడుకు, విస్సన్నపేట. లెక్కల్లో ఎమ్మెస్సీ. లాగరిథం పట్టికలో ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెప్పేవాడు. నిజానికి ఎవరూ అడిగేవాళ్ళు కారు. కాళ్ళకి రెండు రకాల చెప్పులతో బస్సు దిగిన రోజులున్నాయి. ఆ సంగతి చెబితే, రెండూ ఒకే సైజు కదా అన్నాడు.

అమ్మ తన పుట్టింటివాడి వైపు. నాయనమ్మ తన కూతురి కొడుకు వైపు. ఇద్దరి మధ్యా ఉండలేక నాన్న తెల్లారకముందే పొలానికి వెళ్ళిపోయేవాడు. చివరికి తాతయ్య, ఇద్దర్నీ రమ్మందాం, పిల్లే చెబుతుంది అన్నాడు. నెలరోజుల దాకా మళ్ళీ మంచిరోజు లేదు కాబట్టి ఇద్దరికీ ఒకేరోజు పెళ్ళిచూపులు పెట్టారు. పిండివంటలు కూడా ఒకసారి చేస్తే సరిపోతుందని నాయనమ్మ ఒప్పుకుంది.

నా బాధ వేరు. ఇంటర్ పాసయ్యాను. బెజవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదవాలని నా కోరిక. నాన్న ఒకటే మాట చెప్పాడు, "నీ మొగుడు చదివిస్తానంటే చదువుకో." సరే, ఒకే ఒక ప్రశ్న సిద్ధం చేసుకున్నాను. పెళ్ళయ్యాక నన్ను చదవనిస్తావా? ఎవడు అవునంటే వాడి మెడలో దండ వేసేస్తాను. చెప్పులు ఎలాంటివైనా సరే, తీగలు ఎన్ని పోయినా సరే.

ఆ పొద్దున్నే మా ఇంట్లో రేడియో మూగబోయింది. సాయంత్రం రైతుల కార్యక్రమం వినకపోతే తాతయ్యకి అన్నం సహించదు. బావలిద్దరూ వచ్చీ రాగానే ఆయన చెప్పిన మొదటి కబురు అదే.

నాయనమ్మ పద్ధతి అంటే పద్ధతే. జడ లాగి ఏడిపించిన బావల ముందు నేను తలొంచుకుని లడ్డూల పళ్ళెంతో నడిచి వెళ్ళాలి. వాళ్ళు నన్ను కొత్తగా చూడాలి. పెద్దబావ నాయనమ్మ నేర్పినట్టే నా పేరు అడిగాడు. నేను పుట్టినప్పటినుంచీ ఎరిగినవాడు. చెప్పాను. బాగుందన్నాడు.

చిన్నబావ తలెత్తలేదు. అప్పటికే రేడియో వీపు విప్పేశాడు. "ఆ లడ్డూలు ఎక్కడన్నా పెట్టి పళ్ళెం ఇలా ఇవ్వు, స్క్రూలు పోతాయి" అన్నాడు. ఇచ్చాను. లడ్డూలు చాప మీదికి వచ్చాయి.

టంకం పెట్టడానికి ఇనపచువ్వ కాల్చాలని వంటింట్లోకొచ్చి నాయనమ్మ బజ్జీల మూకుడు దింపించాడు. సందు దొరికిందని అడిగాను. "బావా, పెళ్ళయ్యాక నన్ను చదవనిస్తావా?"

"చదివితే ఏమొస్తుందే? ఏదైనా విప్పి చూస్తే తెలిసిపోతుంది. నీకూ ఒక స్క్రూడ్రైవరు కొనిపెడతాలే" అన్నాడు, ప్రేమగానే.

వసారాలోకి వెళ్ళి పెద్దబావని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా. మొదటి ఏడాది త్రికోణమితి. రెండో ఏడాది కలనగణితం. నాలుగేళ్ళలో నా పుస్తకాలన్నీ అయిపోతాయి. బెజవాడ ఎందుకు, నేను లేనూ?" లెక్కలంటే నాకు జ్వరం వస్తుందని ఆయనకి తెలియదు. తెలుసుకునే తీరిక లేదు, ఎందుకంటే రేడియో ఎలా పనిచేస్తుందో చిన్నబావకి చెప్పాలి. జీవితంలో ఎన్నడూ రేడియో ముట్టుకోనివాడు గంటసేపు చెప్పాడు. జీవితంలో ఎన్నడూ పుస్తకం విప్పనివాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఒకడు కాగితం మీద లెక్క వేస్తే ఇంకొకడు తీగ అతికించేవాడు. మధ్యాహ్నం భోజనానికి నేను మూడుసార్లు పిలిచాను. మూడోసారి ఇద్దరూ కలిసి నన్ను కసిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం తాతయ్య అందర్నీ కూర్చోబెట్టి, "చెప్పవే, ఎవరు?" అన్నాడు. నేను నోరు తెరవబోయే సమయానికి రేడియో పలికింది. మిరపతోటల్లో ఆకుముడత. తాతయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నా బతుకు తేలాల్సిన చోట ఏ మందు ఎన్ని నీళ్ళలో కలపాలో చివరిదాకా విన్నాం. బావలిద్దరూ ఆనందంతో ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకున్నారు.

"ఇద్దరూ గట్టివాళ్ళే. ఎవర్ని చేసుకున్నా మన రేడియోకి ఢోకా లేదు" అన్నాడు తాతయ్య.

"నాకిద్దరూ వద్దు తాతయ్యా. వాళ్ళకి వాళ్ళు కుదిరారు, నన్నొదిలెయ్యండి" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. బయట అమ్మ ఏడుపు, తాతయ్య కేకలు. బావల దగ్గర్నుంచి స్టేషన్లు మారుతున్న చప్పుడు.

నాయనమ్మ పొయ్యి ముందు కూర్చునుంది. తన మనవణ్ణి కాదన్నాను, చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"పొద్దున్నుంచీ వింటున్నా, చదవనిస్తావా, చదవనిస్తావా అని. ఇంతకీ ఏం చదువుతావే?"

పర్మిషన్ ఎలా అడగాలో ఏడాదిగా బట్టీపట్టాను కానీ, దొరికితే ఏం చదువుతానో అనుకోనేలేదు. ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. బావలిద్దరికీ ఎవరి అనుమతీ అక్కర్లేని పిచ్చి ఒకటుంది. ఆ పిచ్చి పట్టేంత తీరిక ఇంట్లో నాకెప్పుడు దొరికింది గనక. వాళ్ళ మీద అసూయతో ఏడ్చాను.

"తెలీదు నాయనమ్మా" అన్నాను.

"తెలిశాక చెప్పు. అందాకా మీ తాతతో నేను మాట్లాడతా" అంది.

తెలియడానికి నాకు ఏడాది పైనే పట్టింది. అన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.