మూసిన పెట్టెలో బల్లెం సిపాయి

పలాసలో మా బడి పదో తరగతికి సంభావ్యత పాఠం చెప్పేది నేనే. చూడకుండా సంచిలో చెయ్యి పెడితే ఎర్రబంతి వచ్చే అవకాశం ఎంతో బల్ల గుద్ది మరీ చెబుతాను. తర్వాత ఇంటికొచ్చి, లోపల ఏముందో తెలియని మూసిన పెట్టెలను ఫోనులో ఆర్డరు పెడతాను. జ్ఞానం బడి వరకే.

ఆ పెట్టెల్లో ఒక యుద్ధం ఆటకు కావలసిన బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలుంటాయి. ఏవి వస్తాయో మన ఇష్టం కాదు. మంత్రగాడు రావచ్చు, రాక్షసుడు రావచ్చు, రాసిపెట్టి ఉంటే రెక్కల డ్రాగన్ రావచ్చు. నాకు బల్లెం సిపాయి వచ్చేవాడు. మళ్లీ తెరిస్తే వాడి తమ్ముడు.

"మీ సుట్టాలు ఇంకెంతమంది రావాలండీ?" అని మా ఆవిడ పరామర్శించేది.

మా అక్క భర్త, కవిటిలో ఉండే బావ, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి పలాస ఆసుపత్రికి వచ్చేవాడు. కొబ్బరితోట ఆసామి. కొబ్బరినీళ్లు ముట్టకూడదని డాక్టరు ఆజ్ఞ. దేవుడికి హాస్యం ఎక్కువే. శనివారం మధ్యాహ్నం మెషిన్ రక్తం కడిగే నాలుగు గంటలూ నేను పక్కన కూర్చునేవాణ్ణి. మాటలు గంటలో అయిపోయేవి. అందుకని ఒకరోజు సిపాయిలనూ పాచికనూ పట్టుకెళ్లి మంచం బల్ల మీద పేర్చాను. సూదులున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో ఆడాడు.

పెట్టెల సంగతి విని జాలిగా చూశాడు.

"ఏటి మాస్టారూ, లోపలేటున్నాదో సూడకుండానే కొనీసినావా? కొబ్బరికాయైనా సెవి కాడ ఊపి సూత్తాం గదా!"

"అదే దీని మజా బావా."

"మజాయా? మన జీడిపప్పు ఇలాగ మూసీసి అమ్మి సూడు. గుండు పప్పు అడిగినోడికి ముక్కలొత్తే బజార్లోనే తంతాడు."

నేను లాభాలు వివరించాను: ఎదురుచూపు, ఆశ్చర్యం, ఎక్కువైనవి ఒకరితో ఒకరు మార్చుకునే స్నేహం. మార్చుకోవడానికి పలాసలో రెండో పిచ్చివాడు లేడన్న సంగతి మాత్రం దాచాను.

మరుసటి శనివారం కొత్త పెట్టె ఆయన చేతికే ఇచ్చాను. పళ్లతో అట్ట చింపాడు. డ్రాగన్! మొట్టమొదటి పెట్టెలోనే!

"నాకు ఒక్కసారీ రాలేదు బావా," అన్నాను.

ఆయన మెషిన్ వైపు చూపించాడు. "మా ఊర్లో అందరం ఒకే నీళ్ళు తాగినాం. నాకీ కిడ్నీ రోగమొచ్చింది, మా అన్నకు రాలేదు. ఎవుడికేటి కావాలో అడిగి ఇత్తారేటి?"

సంభావ్యత మాస్టారు చిరిగిన అట్టముక్కలు ఏరుకున్నాడు.

పక్క మంచం మీద బారువ నుంచి వచ్చే ముసలమ్మ ఉండేది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. "ఆ రెక్కల సేప నాకియ్యవా నాయనా?" అంది. బావ ఇచ్చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను పెద్దమనిషిలా నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పై వారం ఆమె తానూ ఆడతానంది. నేను మంచాల మధ్యకు బల్ల జరిపి నియమాలు చెప్పబోయాను. వినలేదు. ఆమె బొమ్మను మా సిపాయిలు చుట్టుముడితే, "నా సేప ఎగురుతాది. మీ బల్లేలు దానికెక్కడందుతాయి?" అంది.

అలా కుదరదని రుజువు చేయడానికి నియమాల పుస్తకం తెరిచాను. కుదురుతుందట. ఇన్నాళ్లూ ఆ పేజీ చదివే అవసరం నాకు రాలేదు మరి.

వరసగా మా సిపాయిలు కూలుతుండగా బావ నాలుగు గంటలూ నిండాయి. మెషిన్ కూత పెట్టింది. నర్సు సూదులు తీయడానికొచ్చింది.

"ఒక్క అయిదు నిమిషాలుండమ్మా. ఆట మద్దెలో ఉన్నాది," అన్నాడు బావ.

"ఎప్పుడు దిగుతామా అని అడిగినోళ్ళే గానీ, ఇంకాసేపుంటానన్నోళ్ళని మిమ్మల్నే సూత్తన్నాను," అంది ఆ అమ్మాయి.

మెషిన్ కూత ఆపి, బల్ల మీదికి వంగింది.

"ఇప్పుడు పాచిక ఎవరిది?"